స్టిక్కర్లు లేని పాత ఫ్రెంచ్ సైకిల్: కొన్నేళ్లు తొక్కాక నా మాట

ముందే చెప్పేస్తాను: ఫ్రేమ్‌కి పదికి తొమ్మిది మార్కులు, ఫ్రెంచ్ మరలకి రెండు. నాది 1970ల తొలినాళ్ల ప్యూజో పీఎక్స్-10. న్యూజెర్సీలో ఒక గరాజ్ సేల్‌లో కొన్నప్పుడు దాని పేరేమిటో అమ్మినాయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఎవరో మొత్తానికి నల్ల పెయింట్ కొట్టేశారు, స్టిక్కర్ల జాడ లేదు. ఆ రోజుల్లో అమెరికాలో సైకిళ్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగి ఫ్రెంచ్ బళ్లు బోలెడు దిగాయి. ఇక్కడి పాత ఇళ్లలో అవి ఇంకా తేలుతూనే ఉంటాయి.

ఇలాంటి ఫ్రేమ్‌ని గుర్తుపట్టాలంటే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి. సీటు కింది రాడ్ తీసి కొలిస్తే 26.4 మి.మీ. వచ్చింది. ఇంగ్లిష్ కొలతల రేనాల్డ్స్ 531 (పేరున్న ఉక్కు రకం) బటెడ్ గొట్టాలకైతే, అంటే చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉండేవాటికైతే, మామూలుగా 27.2 పడుతుంది. 26.4 అంటే మెట్రిక్ కొలతల 531 అయ్యుండాలి. హ్యాండిల్ స్టెమ్ 22.2 కాదు, 22.0. అక్కడికే ఫ్రాన్స్ అని తేలిపోయింది. గొట్టాలు కలిసేచోట తొడిగే నెర్వెక్స్ కంపెనీ లగ్గుల (అతుకు తొడుగుల) వంపులు అంత మందపు పెయింట్ కిందా తెలుస్తున్నాయి. వెనక చక్రం కూర్చునే చోట సింప్లెక్స్ అని ఫ్రెంచ్ విడిభాగాల కంపెనీ పేరు అచ్చు, ఫోర్క్ చివర గీకితే తళతళలాడే క్రోమ్. స్టిక్కర్లదేముంది, ఆన్‌లైన్‌లో కొత్తవి ఏ పేరుతో కావాలంటే ఆ పేరుతో దొరుకుతాయి.

అసలు కథ బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోట. ఆ ఇరుసుని రెండు పక్కలా మరలున్న కప్పులు పట్టి ఉంచుతాయి. ఇంగ్లిష్ పద్ధతిలో చైన్ వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఫ్రెంచ్‌లో రెండు వైపులా మామూలు మరే. షాపువాళ్లు అలవాటు కొద్దీ తిప్పితే ఊడటం మాట దేవుడెరుగు, ఇంకా బిగుస్తుంది. పైగా ఫ్రెంచ్ కప్పు 35 మి.మీ., ఇంగ్లిష్‌ది సుమారు 34.8. ఆ కాస్త తేడా వల్ల ఇంగ్లిష్ కప్పు చక్కగా ఒకటి రెండు చుట్లు ఎక్కి, అక్కడ పట్టేస్తుంది. మర పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) వేరు కదా! అక్కడ బలం ఉపయోగిస్తే ఫ్రేమ్ పాడు. నేను ఫ్రెంచ్ మరతో కొత్త కార్ట్రిడ్జ్ (ఇరుసు, బేరింగులు ఒకే ముక్కగా ఉండేది) తెప్పించి వేయించాను. ధర కాస్త ఘాటే, కానీ ఇప్పటికీ కిర్రుమనలేదు. స్ట్రాంగ్‌లైట్ కంపెనీ క్రాంకులు (పెడళ్లు బిగించే చేతులు) ఊడదీయడానికి మామూలు 22 మి.మీ. పుల్లర్ పనికిరాదు, 23.35ది కావాలి. అరువు దొరికితే అదృష్టం.

వెనక చక్రం కూర్చునే సందు వెడల్పు 120 మి.మీ., ఐదు గేర్ల కాలం నాటిది. ఉక్కు వంగుతుంది కాబట్టి ఫ్రేమ్ చేసే మనిషి దగ్గర 126కి సర్దించి ఏడు గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేశాను. ఇది ట్యూబులర్ టైర్ల (రిమ్ముకి అంటించే రకం) మోడల్ కాబట్టి ఇప్పటి 700సీ సైజు చక్రాలు నేరుగా కూర్చున్నాయి. 27 అంగుళాల చక్రాల చౌక మోడళ్లలో ఈ సుఖం లేదు, బ్రేక్ రబ్బర్లు 4 మి.మీ. కిందికి దించుకోవాలి. గేర్లు మార్చే అప్పటి ప్లాస్టిక్ డిరెయిలర్ పాతబడితే పగిలే రకం. దాని జోలికి పోకుండా, దాన్ని తగిలించే హ్యాంగర్‌కి 10 మి.మీ. మర కోయించి పాత సన్‌టూర్ కంపెనీ డిరెయిలర్ పెట్టాను.

తొక్కడం ఎలా ఉంటుందంటే, చలికాలం తర్వాత గుంతలు పడ్డ రోడ్ల మీద కూడా నడుము పట్టదు. చిన్న చిన్న అదుర్లు ఫోర్క్ వంపే మింగేస్తుంది. 28 మి.మీ. టైర్లతో హాయిగా సాగుతుంది. అల్యూమినియం బండి ఇంట్లో ఉన్నా ఆదివారం పొద్దున చెయ్యి దీని మీదికే పోతుంది. సెంటర్‌పుల్ (కేబుల్ మధ్యలోంచి లాగే) బ్రేకులు మొదట వీధంతా లేచేలా అరిచాయి. రబ్బర్లు మార్చి, ముందు అంచు రిమ్ముకి కాస్త ముందుగా తగిలేలా పెట్టాక నోరు మూసుకున్నాయి. వానలో మాత్రం డిస్క్ బ్రేకులతో పోల్చకండి, టెన్షన్ తప్పదు. రోడ్ల మీద ఉప్పు చల్లే నెలల్లో బయటికి తీయను. గొట్టాల లోపల తుప్పు పట్టకుండా నూనె కొట్టించాను, అయినా నమ్మకం చాలదు.

ఖర్చు సంగతి అడిగితే, ఫ్రేమ్ కంటే దాని చిన్న సామాన్లకే ఎక్కువైంది. మీరూ కొనేట్టయితే సీటు రాడ్, స్టెమ్ రెండూ కదిపి చూడండి. ఒకటి బిగుసుకుపోతే బేరం ఆడొచ్చు, రెండూ కదలకపోతే ఊరికే ఇచ్చినా వద్దనండి.