పాతబస్తీలో కర్పూరం చెక్క భోషాణం కొన్నాను, ఆ దుకాణం ఎలా ఉందంటే

చౌమహల్లా ప్యాలెస్ దాటాక ఒక గల్లీలో పాత సామాన్ల దుకాణం ఉంది. బోర్డు లేదు, పేరు రాయొద్దని దుకాణం నడిపే పెద్దాయన అడిగారు కాబట్టి నేనూ రాయట్లేదు, అటువైపు వెళ్లి అడిగితే ఎవరైనా చూపిస్తారు. మూడుసార్లు వెళ్లాను, మూడోసారి ఒక భోషాణం కొన్నాను. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి, కొనబోయేవాళ్లకి అసలు పనికొచ్చేది అదే.

నేను వెతుకుతున్నది ఆంగ్లో చైనీస్ అనే రకం సామాను. 1757 నుంచి 1842 దాకా యూరప్ వర్తకులు చైనాలో వ్యాపారం చేయాలంటే కాంటన్ రేవు ఒక్కటే దారి, ఇప్పుడు దాన్నే గ్వాంగ్‌జౌ అంటున్నాం. ఇంగ్లిష్ వాళ్లు తమ ఇళ్లలో ఉండే బల్లలూ పెట్టెల నమూనాలు ఇస్తే అక్కడి వడ్రంగులు తమ చెక్కతో, తమ పద్ధతిలో చేసిచ్చేవాళ్లు. సొరుగుల బీరువాలు, పేకాట బల్లలు, ఒకదాని కింద ఒకటి దూరిపోయే నాలుగు బల్లల సెట్లు, నల్లటి మెరుపు మీద బంగారు రంగు బొమ్మలున్న కుట్టుపని పెట్టెలు. ఆకారం ఇంగ్లండ్‌ది, చెయ్యి చైనాది. 1842లో బ్రిటన్, చైనాల మధ్య కుదిరిన ఒప్పందం తర్వాత హాంకాంగ్, షాంఘైల నుంచి కూడా వచ్చాయి. ఓడల మీద వెళ్లే అధికారులకి, పటాలాల్లో తిరిగే అధికారులకి ఈ కర్పూరం చెక్క పెట్టెలంటే మహా ఇష్టం, ఎందుకంటే ఆ వాసనకి బట్టల పురుగు రాదు, మూలలకి ఇత్తడి వేస్తారు కాబట్టి ఎన్నిసార్లు దించినా ఎక్కించినా చెక్క చితకదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో మొదలైంది కాబట్టి ఇలాంటివి మన ఊళ్లో దొరకడం వింతేమీ కాదు. నా భోషాణం బొల్లారం బంగళాలో ఉండేదని పెద్దాయన చెప్పారు. అయి ఉండొచ్చు, కానీ కాగితం ఏదీ లేదు, అందుకని ఆ కథకి నేను ధర కట్టలేదు.

లోపల వెలుతురు తక్కువ, కుర్చీల మీద కుర్చీలు, గడియారాలు, షాండ్లియర్ ముక్కలు, పింగాణీ. ఈ దుకాణంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే తొందరపెట్టరు. "నిదానంగా చూడు బేటీ, కింద కూడా చూడు" అని పెద్దాయనే ఇద్దరు కుర్రాళ్లని పిలిచి భోషాణాన్ని పక్కకి ఒరిగించారు. వేరే రెండుమూడు చోట్ల నేను అడుగు చూస్తానంటే మొహాలు మాడ్చుకున్నారు. పాత వస్తువు నిజం చెప్పేది అడుగునే, పైన ఎంతైనా మెరిపించొచ్చు.

టార్చ్ వేసి చూశాను. అంచుల దగ్గర పలకలు వేళ్లలో వేళ్లు పెట్టినట్టు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి, ఆ పళ్లు అన్నీ ఒకే కొలత లేవు, అంటే చేత్తో కోసినవే. అడుగు పలకలు ఏళ్ల తరబడి ఆరి కుదించుకుపోయి మధ్యలో సన్నటి సందులు వచ్చాయి, అది లోపం కాదు, వయసు. ఇత్తడి పట్టీ ఒకటి వదులుగా ఉంటే స్క్రూ తీయించి చూశాను, మొన మొద్దుగా ఉంది, తల మీద గాడి సరిగ్గా మధ్యలో లేదు. మొనదేలిన స్క్రూలు 19వ శతాబ్దం నడిమి నుంచే మామూలయ్యాయి, ప్లస్ గుర్తు తల ఉన్నవైతే 1930లలో వచ్చాయి. ఒక్క ప్లస్ స్క్రూ కనిపించినంత మాత్రాన వస్తువు నకిలీ అయిపోదు, ఎవరో రిపేరు చేసి ఉండొచ్చు, కానీ అన్నీ అవే ఉంటే మాత్రం లేచి వచ్చేయండి.

వాసన గురించి ఒక జాగ్రత్త. మూత తీయగానే గుప్పుమంటే సంబరపడకండి, లోపల కర్పూరం బిళ్లలు వేసి ఉంచినా అలాగే వస్తుంది. మూత తీసి ఒక పది నిమిషాలు వదిలేసి, పాలిష్ లేని లోపలి చెక్కని అరచేత్తో బాగా రుద్ది అప్పుడు చెయ్యి వాసన చూడండి. నాకు సన్నగా, కాస్త ఘాటుగా తగిలింది.

అక్కడే నాలుగు పలకల మడత తెర ఒకటి ఉంది, నల్లటి లక్క పనిలో లోతుగా చెక్కి రంగులు నింపినది. ఈ రకాన్ని ప్రపంచమంతా కోరమాండల్ తెర అంటుంది. కోరమాండల్ అంటే మన చోళమండల తీరమే! చేసింది చైనాలో, కానీ యూరప్ వెళ్లే ఓడలు మన తీరంలోని రేవుల మీదుగా తీసుకెళ్లడంతో మన పేరు అంటుకుంది. మా అమ్మది బందరు, అక్కడ ఇంగ్లిష్ కంపెనీ 1611లోనే గిడ్డంగి పెట్టింది, చిన్నప్పటి నుంచి ఆ రేవు కథలు వింటూ పెరిగిన నాకు ఈ తెర ముందు నిలబడితే గొంతు పట్టేసినట్టయింది. ధర అడిగాను. "ఇది పాతది కాదు, యాభై ఏళ్లు కూడా ఉండవు, నీకు అబద్ధం చెప్పను" అన్నారు పెద్దాయన. నేను అడగకుండానే చెప్పారు, నాలుగు మార్కుల్లో రెండు ఆ మాటకే.

ఈ లక్క గురించి చాలామంది పొరబడతారు. లాడ్ బజార్ గాజులకీ ఏటికొప్పాక బొమ్మలకీ వాడేది పురుగు నుంచి వచ్చే లక్క. చైనా వాళ్లది ఒక చెట్టు పాలు, పలుచగా పూసి ఆరబెట్టి మళ్లీ పూసి, ఎన్నో పూతలు వేస్తారు. పూత దళసరి, అందుకే మన ఏప్రిల్, మే ఎండలకి లోపలి చెక్క ముడుచుకుపోతే పైన పెచ్చులు లేస్తాయి. లక్క పని వస్తువు కొంటే కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి, తడిగుడ్డ అసలు వద్దు.

ఇప్పుడు కోపం తెప్పించినవి. పెద్దాయన లేని రోజు కౌంటర్‌లో ఉన్న కుర్రాడు గులాబీలూ పక్షులూ ఉన్న ఒక పళ్లెం చూపించి రెండొందల ఏళ్లదన్నాడు. తిప్పి చూస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో చైనా అని ముద్ర. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాక, 1891 నుంచి అలా ముద్ర వేయడం మొదలైంది. అదే కుర్రాడు ఒక కుట్టుపని పెట్టె కూడా చూపించాడు, చాలా అందమైనది, కానీ లోపల దారపు ఉండలు చుట్టే చిన్న సామానంతా ఏనుగు దంతం. వద్దన్నాను. ఎంత పాతదైనా సరే, వన్యప్రాణి చట్టం ప్రకారం ఏనుగు దంతం కొనడం, అమ్మడం మన దేశంలో నేరం. దుకాణంలో అలాంటిది పెట్టుకోవడమే తప్పు, ఈ మాట పెద్దాయనకి తర్వాత సూటిగానే చెప్పాను.

అన్నిటికన్నా బాధ పెట్టింది పాలిష్. భోషాణానికి 72,000 చెప్పారు, 55,000కి కుదిరింది, "ఏమీ చేయకండి, ఉన్నది ఉన్నట్టు పంపండి" అని రెండుసార్లు చెప్పి మరీ అడ్వాన్స్ ఇచ్చాను. ట్రాలీ ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఇత్తడి పట్టీలు కొత్త బిందెల్లా ధగధగలాడుతున్నాయి, మూత మీద గరుకు కాగితం పెట్టి రుద్ది వార్నిష్ పూసేశారు. ఎన్నో చేతులు తగిలి తగిలి వచ్చిన ఆ మసక గోధుమ రంగు మూత మీద ఇక లేదు, పక్కల మాత్రం మిగిలింది. మంచి చేద్దామనే చేశారని తెలుసు, అయినా నాకు ఆ రాత్రి ఏడుపొచ్చింది. ఫోన్ చేస్తే పెద్దాయన వాదించలేదు, 6,000 వెనక్కి ఇచ్చారు. కానీ డబ్బుతో ఆ రంగు రాదు కదా. అందుకని మీరు కొంటే "పాలిష్ వద్దు" అని బిల్లు మీదే రాయించండి, వీలైతే అదే రోజు దగ్గరుండి ఎక్కించుకోండి. బిల్లు కూడా అడిగితేనే ఇస్తారు, తప్పకుండా అడగండి. అమెరికాలో ఉండే బంధువులకి పంపుదాం అనుకునేవాళ్లు అసలు కొనొద్దు, వందేళ్లు దాటిన వస్తువుని సొంతంగా దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

కొనేముందు ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా సామాను దగ్గర గడపండి, కన్ను తయారవుతుంది. శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు, ఈ దుకాణం కూడా ఆ రోజు మధ్యాహ్నం మూసేస్తారు. పదకొండు తర్వాత, పెద్దాయన ఉన్నప్పుడే వెళ్లండి.

భోషాణంలో ఇప్పుడు అమ్మ పట్టుచీరలున్నాయి. దుకాణంలో వెనక గోడ దగ్గర బల్లల సెట్టు ఒకటి ఉంది, నాలుగు ఉండాల్సింది మూడే ఉన్నాయి, పెద్ద బల్ల కాలు ఒకటి తర్వాత అతికించింది. 40,000 అంటున్నారు, నేనైతే 25,000 దాటను. దసరా దాకా ఆగమన్నారు, ఈలోపు ఎవరైనా చూడ్డానికి వెళ్తే ఆ అతుకు మీద టార్చ్ వేసి చూడండి.