ఇజ్మీర్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: నాలుగేళ్ల తర్వాత, ఒక్క పేజీ గురించి

టర్కీలోని ఇజ్మీర్‌లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగమంటే అందరూ వీసా, డెమో క్లాసు, సముద్రం గురించే చెబుతారు. అవి మీకు తెలిసినవే. నాలుగేళ్లు ఇక్కడ పనిచేశాక నేను గట్టిగా మెచ్చుకునేది ఒక్కటే: ఈ-దెవ్లెత్ అనే ప్రభుత్వ పోర్టల్‌లోని ఎస్‌జీకే పేజీ. ఎస్‌జీకే అంటే ఇక్కడి సామాజిక బీమా సంస్థ. మన పేరు మీద ఏ నెలలో ఎన్ని రోజులకు, ఎంత జీతం మీద బీమా కట్టారో ఆ పేజీలో ఉంటుంది. అల్సన్‌జాక్ పేటలో భాషా కోర్సయినా (ఇక్కడ భాష నేర్పే ప్రైవేటు సంస్థనే కోర్సంటారు), బోర్నోవా పేటలో ప్రైవేటు బడయినా, ఇంటర్వ్యూలో చెప్పిన మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

వర్క్ పర్మిట్ కార్డు మీద 99తో మొదలయ్యే 11 అంకెల నంబరుంటుంది. కార్డు, పాస్‌పోర్టు పట్టుకుని పీటీటీ పోస్టాఫీసుకు వెళ్తే కవరులో పాస్‌వర్డ్ చేతికిస్తారు. పోర్టల్‌లో 'తెస్జిల్ వె హిజ్మెత్ దోకుము' అని వెతికితే పేజీ తెరుచుకుంటుంది. రెండు గడులు చూస్తే చాలు: రోజులు, సంపాదన.

అసలు తిరకాసు సంపాదన గడిలోనే ఉంది. చాలా కోర్సుల్లో జీతాన్ని రెండు ముక్కలు చేస్తారు. కనీస వేతనం బ్యాంకులో పడుతుంది, మిగతాది 'ఎల్దెన్', అంటే చేతికి నగదుగా వస్తుంది. 2025లో కనీస వేతనం, కోతలు తీయకముందు, నెలకు 26,005.50 లీరాలు ఉండేది. ఆ ఏడాది మీకు ఒప్పుకున్న జీతం దానికి రెట్టింపై, ఆ గడిలో మాత్రం ప్రతినెలా పైసాతో సహా సరిగ్గా 26,005.50 ఉందంటే, బీమా కనీస వేతనం మీదే కడుతున్నారన్నమాట. రోజుల గడిలో ఇంకో మెలిక. పార్ట్ టైమ్ వాళ్లకు ఏడున్నర గంటలను ఒక రోజుగా లెక్కేస్తారు. వారానికి 22 గంటల చొప్పున నెలకు 88 గంటలు చెప్పినవాళ్లకు 12 రోజులే పడతాయి. 2025 కనీస వేతనం లెక్కన వాళ్ల సంపాదన గడిలో 10,402.20 పడేది. పర్మిట్ దరఖాస్తులో ఫుల్ టైమ్ అని రాసి ఇక్కడ 12 రోజులు చూపిస్తే ఆ రెండు కాగితాలకూ పొంతన లేనట్టే.

దీనివల్ల నష్టమేంటని కొందరు అడుగుతారు. జ్వరమొచ్చి డాక్టరు పది రోజులు సెలవు రాశాడనుకోండి. మూడో రోజు నుంచి ఎస్‌జీకే ఇచ్చే డబ్బు ఆ గడిలోని సంపాదన మీదే లెక్క కడతారు, అదీ మూడింట రెండు వంతులు. అంతకు ముందు ఏడాదిలో 90 రోజుల బీమా లేకపోతే అదీ రాదు. నెలకు 12 రోజుల చొప్పున 90 దాటాలంటే ఎనిమిది నెలలు పడుతుంది!

మొదట్లో ఈ పేజీ ఉంటే ఇక భయం లేదని కనబడినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. యజమాని ఒక నెల లెక్క దాఖలు చేయడానికి మరుసటి నెల 26వ తేదీ దాకా గడువుంది. మార్చిలో జరిగింది ఏప్రిల్ చివరికి గానీ కనబడదు. మోసం బయటపడ్డా పర్మిట్ ఆ యజమానికే ముడిపడి ఉంటుంది. కార్మిక శాఖ ఫోన్ లైన్ అలో 170కి ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఉద్యోగం పోతే పర్మిట్ కూడా పోతుంది. కొత్తచోట మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కాబట్టి అడగాల్సింది సంతకానికి ముందే: "సిగోర్తా తామ్ మాష్‌తాన్ మ యాత్యోర్?" అంటే బీమా మొత్తం జీతం మీదే కడతారా అని. జవాబు నీళ్లు నములుతున్నట్టుంటే పర్మిట్ దరఖాస్తులో జీతం ఎంత రాస్తున్నారో కాగితం మీద చూపించమనండి. టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తర్వాత చూద్దాం అనేవాళ్లతో మాట్లాడటమే దండగ. పద్ధతిగా అయితే హైదరాబాద్‌లోని టర్కీ కాన్సులేట్ లాంటి చోట మీరు దరఖాస్తు పెట్టాలి. వాళ్లిచ్చే 16 అంకెల నంబరుతో యజమాని 10 పనిదినాల్లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. గడువు దాటిందా, మీరు మళ్లీ కాన్సులేట్ గడప తొక్కాలి. టీచరు ఉద్యోగానికి విద్యాశాఖ ముందస్తు అనుమతి కూడా కావాలి, అందుకే డిగ్రీకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) ఇండియాలోనే వేయించుకుని బయల్దేరండి.

కోర్సులకంటే బడులే నయమని నా లెక్క. ప్రైవేటు బడుల చట్టం ప్రకారం టీచరుతో ఒప్పందం కనీసం ఒక క్యాలెండరు ఏడాదికి ఉండాలి, అందుకే జులై, ఆగస్టు సెలవుల్లో కూడా రోజుల గడి సున్నా కాకూడదు. కాకపోతే బడుల్లో 'నేటివ్', అంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న టీచర్లే కావాలనే పట్టు ఎక్కువ. ఇండియా పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు ఎక్కువసార్లు డెమో చెప్పుకోవాల్సి వస్తుంది.

రమ్మంటానా అంటే, మీ అవసరాన్ని బట్టి చెబుతాను. నేను అద్దె ఇంకొకరితో పంచుకుంటాను, ఇంటికి నెలనెలా పంపాల్సిన బాధ్యత లేదు. అందుకే నాకు సరిపోయింది. రూపాయల్లో ఈఎంఐ ఉన్నవాళ్ల లెక్క వేరు. 2022 అక్టోబరులో ఇక్కడ ధరలు ఏడాదిలో 85.51 శాతం పెరిగాయి. ఏడాదికి ఒకసారే జీతం పెంచే ఒప్పందమైతే వాళ్లను రమ్మని చెప్పలేను. ఆరు నెలలకోసారి పెంచుతామని రాసిస్తే, ఆ కాగితం చూశాక ఆలోచించమంటాను.