మెరైన్ బీటెక్కా, మెకానికల్ తర్వాత జీఎంఈయా: ఓడ ఇంజినీరు కావడానికి ఏది మేలు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. ఓడలో ఇంజినీరు కావాలంటే ఇప్పుడే నాలుగేళ్ల మెరైన్ ఇంజినీరింగ్‌లో చేరాలా? లేక మన ఊళ్లోనే మెకానికల్ చదివి, ఆ తర్వాత సుమారు ఏడాది పట్టే జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సు చేయాలా? అర్హతలు మీరు చూసే ఉంటారు. మొదటిదానికి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల్లో కలిపి 60 శాతం, ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) ర్యాంకు. రెండోదానికి మెకానికల్ డిగ్రీలో 50 శాతం. ఏదైనా సరే, పదిలోగానీ ఇంటర్‌లోగానీ ఇంగ్లిషులో 50 శాతం ఉండాలి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఏ దారిన వచ్చినా మొదటి ఓడలో ఇద్దరి పనీ ఒకటే. ఇంజినీరు ఆఫీసరు కావడానికి తొలి అర్హత పరీక్ష అయిన క్లాస్ 4 రాయాలంటే ఇద్దరికీ ఆరు నెలల సముద్ర సేవ కావాలి. ఇద్దరూ చీఫ్ ఇంజినీరు తర్వాతి స్థానంలో ఉండే సెకండ్ ఇంజినీరు చెప్పిన పని చేయాల్సిందే. ట్యాంకుల్లో ఎంత నూనె ఉందో సౌండింగ్ టేపు దించి కొలవడం, ఫిల్టర్లు విప్పి కడగడం, రౌండ్స్ తిరిగి ఉష్ణోగ్రతలు, పీడనాలు లాగ్ బుక్కులో రాయడం, బిల్జ్ (ఓడ అడుగున చేరే మురికి) నీటి మట్టం చూడటం, చేతిలో డ్రాయింగు పట్టుకుని ఏ పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో వెంట నడిచి తెలుసుకోవడం. వీటిలో పైపుల పనే అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని మొదటి నెలలోనే పూర్తి చేసిన కుర్రాడిని సెకండ్ ఇంజినీరు నమ్మడం మొదలుపెడతాడు.

నిర్ణయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జూనియర్ ఇంజినీరును నిలబెట్టేవి అతని చేతులు, చెవులు.

ప్యూరిఫయర్‌నే తీసుకోండి. ఓడ ఇంజిన్ కాల్చే ముతక నూనెను సుమారు 98 డిగ్రీలకు వేడిచేసి, నిమిషానికి వేల చుట్లు తిరిగే గిన్నెలోకి పంపుతారు. బరువైన నీరు, మడ్డి అంచుకు పోతాయి, శుభ్రమైన నూనె మధ్యలోంచి పైకి వస్తుంది. మన జిల్లా పాల డెయిరీల్లో మీగడ తీసే సెపరేటర్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. 1878లో స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ డి లావల్ దాన్ని పాల కోసమే తయారుచేశాడు. ఆయన పెట్టిన సంస్థ వారసులే ఈనాటికీ ఓడలకు ప్యూరిఫయర్లు చేస్తున్నారు. ఈ యంత్రం బాధ్యత సాధారణంగా ఫోర్త్ ఇంజినీరుది, విప్పి కడిగే పని మాత్రం జూనియర్‌కు పడుతుంది. గిన్నె బిగించే రింగుకు చాలా యంత్రాల్లో ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిశలో బిగిసేది, ఉంటుంది. అలవాటు కొద్దీ కుడి మర అనుకుని తిప్పితే పాడవుతుంది. లోపలి పళ్లేలు వరస తప్పకూడదు, భాగాల మీది గుర్తులు కలవాలి, ఒక యంత్రం గిన్నె భాగాలను పక్క యంత్రంలో వేయకూడదు. మొత్తాన్ని కలిపి తూకం సరిచేసి ఉంటారు గనుక తేడా వస్తే వణుకు పుడుతుంది, అంత వేగంలో ఆ వణుకు ప్రమాదం. ఇదంతా పుస్తకంలో ఉంటుంది. కానీ బిగుసుకున్న మరను చేయి తెలుసుకోవడం పుస్తకంలో ఉండదు.

ఇక పోలిక. మెరైన్ బీటెక్‌లో నాలుగేళ్లూ ఓడ యంత్రాల మధ్యే గడుస్తాయి. పరిభాష, క్రమశిక్షణ ముందే అబ్బుతాయి, చదువు పూర్తవగానే సముద్రం దగ్గరవుతుంది. పద్దెనిమిదేళ్లకే ఈ జీవితం కావాలని గట్టిగా తెలిసినవాడికి ఇది మంచి దారి, కాదనను. కానీ నలభై డిగ్రీలు దాటే ఇంజిన్ గది, నెలల తరబడి ఇంటికి దూరం, రాత్రి అలారం మోగితే లేచి దిగాల్సిన డ్యూటీ సరిపడక వెనక్కి వచ్చేస్తే, ఆ డిగ్రీకి ఒడ్డున దొరికే ఉద్యోగాలు తక్కువ.

అందుకే మన ప్రాంతపు పిల్లలకు నేను మెకానికల్, ఆపై జీఎంఈ అనే చెబుతాను. ఇరవై రెండేళ్లకు మనసు కుదురుతుంది, వెనక్కి తిరిగినా డిగ్రీ చేతిలో ఉంటుంది. ఒక షరతు మాత్రం ఉంది. నాలుగేళ్లు తరగతి గదిలోనే కూర్చుని వస్తే ఏడాది కోర్సు ఆ లోటు పూడ్చలేదు. సీజనులో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్లు, పంపులు, జనరేటర్లు నడుస్తాయి. తిరుపతి ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్లు విప్పే మేస్త్రీలున్నారు. సెలవుల్లో జీతం ఆశించకుండా అక్కడ పని నేర్చుకోండి. ఫైలు పట్టడం, బేరింగు శబ్దం విని తేడా చెప్పడం, విప్పిన నట్లు వరసగా పెట్టడం అబ్బితే మెరైన్ బీటెక్ వాళ్లకు ఏమాత్రం తీసిపోరు.

ఒక గుణం మాత్రం ఏ కోర్సులో చేరినా మీరే తెచ్చుకోవాలి. అడగకుండా వాల్వు తిప్పకూడదు. బిల్జ్ నీటిని సముద్రంలోకి వదలాలంటే అందులో నూనె పదిలక్షలకు 15 భాగాలు మించకూడదని మార్పోల్ (ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) నియమం. దానికి నూనెను వేరుచేసే ఒక సెపరేటర్, లెక్క రాసే పుస్తకం ఉంటాయి. తెలియక తెరిచిన ఒక్క వాల్వుతో చీఫ్ ఇంజినీరు కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు, ఓడ రేవులో ఆగిపోవచ్చు.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవారికి ఈటీఓ (ఓడలో విద్యుత్ వ్యవస్థలు చూసే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్) కోర్సు ఉంది. పదో తరగతితో చేరే జీపీ రేటింగ్ (ఓడలో సాధారణ సిబ్బంది కోర్సు) ఉంది, కానీ అక్కడినుంచి ఇంజినీరు అయ్యే దారి పొడుగు.

ఏది ఎంచుకున్నా ఫీజు కట్టకముందు రెండు పనులు చేయండి. డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న వైద్యుడి దగ్గర కళ్లు, ముఖ్యంగా రంగుల గుర్తింపు పరీక్ష చేయించుకోండి. అందులో తప్పితే ఏ డిగ్రీ ఓడ ఎక్కించదు. కోర్సులో చేరేముందే కంపెనీ స్పాన్సర్‌షిప్ లేఖ సంపాదించే ప్రయత్నం చేయండి. అది లేకుండా డబ్బు కట్టమనే ఏజెంటు ఎవరైనా, అతని ఆర్‌పీఎస్ఎల్ (ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని చేర్చే సంస్థలకిచ్చే అనుమతి) లైసెన్సు నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే మాట్లాడండి.