బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ముందు ఆ ‘కంటిన్యూ’ సంగతి తేల్చుకోండి

దుకాణం పేరు రాయను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కావాలంటే పర్లాకిమిడి వ్యాపారులమందరం బరంపురంలో ఎవరి మెట్లెక్కుతామో మీకు తెలియనిది కాదు. 14,500 రూపాయలు పోసి మా కిరాణా హోల్‌సేల్ కొట్టుకు నేనూ అక్కడే కొన్నాను.

ఒడిశా బిల్లులకు ఇబ్బంది లేదు. పాతపట్నం వ్యాపారులకు జీఎస్టీలో ఆంధ్ర రాష్ట్ర కోడ్ 37తో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) బిల్లు వేసినప్పుడు మాత్రం, ఊహించని లోపం వచ్చిందంటూ ‘కంటిన్యూ’, ‘క్విట్’ మీటలతో ఒక పెట్టె తెరమీదికి వచ్చేది. సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజే అది కనబడితే, ఆ దుకాణం యజమాని నా కుర్చీలో కూర్చునే ‘అది విండోస్ గోలండీ, కంటిన్యూ నొక్కేసి మీ పని చూసుకోండి’ అన్నారు. నొక్కాను. బిల్లు చక్కగా ముద్రణై వచ్చేది, ఇంకేం కావాలి!

ఈ నెల 14 దాటాక, మా బిల్లులు తమ జీఎస్టీఆర్-2బీలో (కొన్నవారికి జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా 14న వచ్చే కొనుగోలు బిల్లుల పట్టికలో) కనబడటం లేదని పాతపట్నం నుంచి ఫోను వచ్చింది. వెతికితే 17 బిల్లులు కాగితం మీద ఉన్నాయి గాని సాఫ్ట్‌వేర్ ఖాతాలో లేవు. ముందు ముద్రించి తరువాత నమోదు చేసేలా ప్రోగ్రాం రాశారనీ, నమోదులో వచ్చే లోపాన్ని ప్రోగ్రాం తానుగా పట్టుకోకపోవడం వల్లనే ఆ పెట్టె వస్తోందనీ, లోపం వస్తే బిల్లు మొత్తం రద్దయి వివరం లాగ్ ఫైలులో (లోపాలు నమోదయ్యే చిట్టాలో) పడాలనీ మా మేనల్లుడు చూసి చెప్పాడు. కంటిన్యూ నొక్కితే లోపాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగుతుందని ఆ పెట్టెలోనే ఇంగ్లీషులో రాసి ఉంది. డిగ్రీ చదివిన నేను ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు.

ఆ 17 కాగితాలూ పట్టుకుని బరంపురం వెళ్తే, ఆయన సెల్‌ఫోను మీంచి తల ఎత్తకుండా, మరో ఇద్దరు కొనుగోలుదారుల ఎదుట, ‘లోపం వస్తే కంటిన్యూ నొక్కమని మీకెవరు చెప్పారండీ? చదువుకున్నవారే ఇలా చేస్తే ఎలా?’ అన్నారు. చెప్పింది మీరే కదా అంటే నవ్వారు. ఆ నవ్వుకు కూడా 14,500లో వాటా ఉందేమో. ఆ బిల్లులు లెక్కలోకి రాక తక్కువ కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ మాత్రం నాదే.

ఇప్పటికే కొన్నవారు పొరుగు రాష్ట్రపు బిల్లులను ఖాతాతో ఈరోజే సరిచూసుకోండి, పెట్టె వస్తే నొక్కే ముందు ఫొటో తీయండి. కొనబోయేవారు డబ్బు ఇచ్చే ముందు, వారి ఎదుటనే 37 కోడ్‌తో ఒక బిల్లు వేసి చూడండి.