స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగులు: ఒక్క స్ప్రింగులతో పని అవుతుందా?

2018లో వచ్చిన మూడో తరం స్విఫ్ట్‌ని 30 మి.మీ. కిందికి దించే స్ప్రింగుల సెట్ల గురించి ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తాం. పాత షాకుల (షాక్ అబ్జార్బర్ల) మీద ఈ నాలుగు స్ప్రింగులు మాత్రమే వేయిస్తే ఐదుకి రెండున్నర. బండి చూడ్డానికి బాగుంటుంది, మలుపులో కాస్త తక్కువ ఒరుగుతుంది, అంతే. తగిన షాకులు, సరైన అలైన్‌మెంట్ తోడైతే నాలుగు ఇవ్వొచ్చు.

ఈ బండికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసి ఒకే కాలుగా ఉండేది), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం). అసలు పేచీ ముందు వైపే. కంపెనీ ఎత్తులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి బాడీకి కలిపే చేయి) బయటి కొన కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. బండి దిగేకొద్దీ ఆర్మ్ మట్టానికి వచ్చి, ఇంకా దించితే బయటి కొన పైకి తిరుగుతుంది. అప్పుడు రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కంటే ఎక్కువగా కిందికి పోతుంది. బండి బరువు కేంద్రం కిందికి దిగినా, ఆ రెంటి మధ్య ఎడం, అంటే బండిని పక్కకు ఒరిగించే మీట, పొడవవుతుంది. కొత్త స్ప్రింగు గట్టిదనంలో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చయిపోతుంది. అందుకే 30 దాటి దించొద్దంటాం. 50 దించినవాటిలో చక్రానికి పైకి కదిలే చోటే మిగలదు. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలినా బంప్ స్టాప్ (కదలికను చివర్లో ఆపే రబ్బరు ముక్క) మీద కూర్చుని ముందు టైర్లు ఒక్కసారిగా పట్టు వదిలేస్తాయి.

షాకుల లెక్క ఇది. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, దాన్ని మునుపటిలాగే అదుపులో పెట్టడానికి డ్యాంపింగ్ (ఊగడాన్ని షాకు అణిచే శక్తి) సుమారు 14 శాతం పెరగాలి. షాకు కొత్తదైతే ఎలాగో నెట్టుకొస్తుంది, బాగా తిరిగినదైతే చేతులెత్తేస్తుంది. గుంత దాటాక బండి రెండోసారి ఊగితే స్ప్రింగుని తిట్టి లాభం లేదు. పైగా దించిన బండిలో షాకు రాడ్ ఎప్పుడూ లోపలికి దిగే ఉంటుంది. బిల్‌స్టీన్ వాళ్ల మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాకుల్లో బి6 కంపెనీ ఎత్తు బండికి, బి8 దించిన బండికి అని వేరుగా ఉన్నది ఇందుకే; బి8 పొట్టిది. కోని కంపెనీ పసుపు షాకుల్లో రీబౌండ్ (నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పటి బిగువు) ఒక్కటే తిప్పి సరిచేసుకోవచ్చు. ఏది కొన్నా మీ బండి తరానికి పార్ట్ నంబరు ఉందని తేలాకే డబ్బు కట్టండి. పెట్రోలా డీజిలా అన్నది కూడా చూడాలి. 2020 దాకా అమ్మిన డీజిల్ స్విఫ్ట్ సుమారు వంద కిలోలు ఎక్కువ బరువు, అదీ ఎక్కువగా ముక్కు మీదే. పెట్రోల్ స్ప్రింగులు దానికి వేస్తే 30 అనుకున్నది ఇంకా దిగిపోతుంది.

వెనక పని తేలిక. షాకు కింది బోల్టు తీసి బీమ్‌ని జాకీతో మెల్లగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. రబ్బరు సీట్లు పారేయకుండా తిరిగి వేయాలి. ముందు వైపు బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, స్టెబిలైజర్ లింక్ విప్పాకే స్ట్రట్ దించాలి. కంప్రెసర్‌తో స్ప్రింగుని నొక్కి పట్టకుండా పై నట్టు ముట్టుకోవద్దు, ప్రాణాలకే ముప్పు. టాప్ మౌంట్, బేరింగు అరిగి ఉంటే ఇప్పుడే మార్చేయండి, మళ్లీ ఇదే లేబర్ కట్టడం దండగ. చాలా షెడ్లలో జరిగే తప్పు ఒకటుంది: లోయర్ ఆర్మ్ బుష్ (కీలు దగ్గరి రబ్బరు) బోల్టుని బండి లిఫ్టు మీద వేలాడుతుండగానే బిగించేస్తారు. బండి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు.

అలైన్‌మెంట్‌లో ఈ బండికి ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం; లోపలికైతే నెగటివ్) మార్చుకునే ఏర్పాటు కంపెనీ ఇవ్వలేదు. స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రాన్ని మోసే ముక్కకి) పట్టే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్టు వేస్తే నెగటివ్ 1 నుంచి 1.5 డిగ్రీల దాకా తేవచ్చు. రోడ్డు బండికి అది చాలు. మొదట క్యాంబర్, తర్వాతే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). టో సున్నా దగ్గర ఉంచండి. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ని అంటారు గానీ, చాలాసార్లు అసలు దొంగ టో. 500 కి.మీ. తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక మళ్లీ చూపించాలి. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.

నేలకు ఎడం కంపెనీ లెక్కలో 163 మి.మీ., మిగిలేది 133. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, దాన్ని దాటేస్తారు. కాలనీవాళ్లు సొంతంగా సిమెంటుతో పోసుకున్న దిబ్బ దగ్గర, అందులోనూ వెనక ముగ్గురు కూర్చుంటే, బండి అడుగు భాగం గీసుకోక తప్పదు. రోజూ అలాంటి దారే అయితే ఈ డబ్బుని 185/65 ఆర్15 సైజులోనే మంచి టైర్లకు, కొత్త షాకులకు, బుష్‌లకు పెట్టండి. ఘాట్ రోడ్డు మీద తేడా స్ప్రింగుల కంటే వాటితోనే బాగా తెలుస్తుంది. 195/60 ఆర్15 వేస్తే వెడల్పు వస్తుంది, కానీ బండి మరో 3 మి.మీ. దిగుతుంది.

ఇక స్ప్రింగు కోయించడం. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరిగే మాట నిజమే. కానీ కోసిన కొన సీటులో సరిగా కూర్చోదు, చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకు జరుగుతుంది. గ్యాస్‌తో కాల్చి దించితే ఉక్కు టెంపర్ పోయి, స్ప్రింగు కుంగుతూనే ఉంటుంది. దించిన సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ కొంటున్నవాళ్లు స్ప్రింగు కొనల మీద టార్చి వేసి చూడండి. పెయింటు లేకుండా తుప్పు పట్టిన తెగిన కొన గానీ, కమిలి రంగు మారిన చుట్టు గానీ కనిపిస్తే నాలుగు స్ప్రింగుల ధర, ముందు రెండు టాప్ మౌంట్ల ధర బేరంలో తగ్గించి అడగండి.