ఫిట్‌మెంట్ ఎక్కువ కావాలా, డీఏలు టైముకి కావాలా?

కొత్త పీఆర్సీ (ప్రభుత్వ ఉద్యోగుల జీతాల సవరణ) మాట వినపడితే చాలు, స్టాఫ్ రూమ్‌లో మళ్లీ అదే ప్రశ్న. "మాష్టారూ, ఈసారి ఫిట్‌మెంట్ ఎంతిస్తే ఒప్పుకోవచ్చు?" ఫిట్‌మెంట్ అంటే పీఆర్సీలో పాత బేసిక్ (మూల వేతనం) మీద పెంచే శాతం. నేనేమో ఎదురు ప్రశ్న వేస్తా. అందులో రెండు మూడు శాతం తగ్గించుకుంటే డీఏలన్నీ (ధరలు పెరిగినందుకు ఇచ్చే కరువు భత్యం) టైముకి ఇస్తామంటే తీసుకుంటారా? సగం మంది నన్ను ప్రభుత్వం తరఫు మనిషిని చూసినట్టు చూస్తారు. ప్రతిసారీ నోటితో చెప్పలేక లెక్క రాసి పెడుతున్నా.

మా బావగారు తెలంగాణలో ఉద్యోగి, నేను ఆంధ్రలో టీచర్ని. 2015లో ఇద్దరికీ ఒకే 43 శాతం ఫిట్‌మెంట్. దారులు వేరైంది ఆ తర్వాతే. అక్కడ జీతాల సవరణకి వేసిన బిస్వాల్ కమిషన్ ఏడున్నర శాతం చాలంటే, 2021 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో 30 ప్రకటించారు. మాకు 2022 జనవరిలో 23. అప్పటికే 27 శాతం ఐఆర్ (పీఆర్సీ వచ్చేదాకా ఇచ్చే మధ్యంతర భృతి) తీసుకుంటున్నాం కాబట్టి "రివర్స్ పీఆర్సీ" అన్న మాట పుట్టింది, అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ ఏడాది పండక్కి బావగారి ముందు నేను తలెత్తుకోలేదు.

ఇప్పుడు లెక్క. తేలిగ్గా ఉండటానికి ఇద్దరిదీ పాత బేసిక్ 40,000 అనుకుందాం. పీఆర్సీలో దానికి కలిపేసిన పాత డీఏ ఇద్దరికీ ఒకటే, 30.392 శాతం. దానికి తోడు పాత బేసిక్ మీదే నాకు 23 శాతం కలిస్తే కొత్త బేసిక్ 61,357, బావగారికి 30 కలిస్తే 64,157. తేడా నెలకి 2,800. తక్కువేం కాదు, పెన్షన్ దాకా వచ్చే డబ్బు.

కానీ బావగారి కొత్త బేసిక్ మీద ఒక్క విడత డీఏ, అంటే 3.64 శాతం, ఎంతవుతుంది? 2,335 రూపాయలు. (కేంద్రం 4 ఇస్తే మనకి 3.64 ఎందుకంటే, మన పీఆర్సీలో ఒక్కో శాతానికి 0.91 లెక్క. ఇది తెలియక "మనకి కోత పెట్టారు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) రెండు డీఏలు ఆగితే నెలకి 4,670 పోయినట్టే. ఫిట్‌మెంట్‌లో ఆ 7 శాతం తేడా మీద హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కలుపుకున్నా దీనికి సరిపోదు. మరి తెలంగాణలో 2023 జనవరి నుంచి రావాల్సిన డీఏ ఎప్పుడొచ్చింది? 2025 జూన్‌లో. మేమేం గొప్పా అంటే, 2024 జనవరి డీఏ 2025 దీపావళికి ఇచ్చారు. ఇద్దరం ఒకే గూటి పక్షులం.

బకాయిలు తర్వాత ఇస్తారు కదా అంటారు. ఇస్తారు, వాయిదాల్లో, లేదా పీఎఫ్‌లో వేస్తారు. వడ్డీ మాత్రం ఎవరూ అడగరు. 2020లో కరోనా అప్పుడు మా జీతాల్లో సగం ఆపారు గుర్తుందా? దాని మీద కోర్టుకి వెళ్తే, చివరికి 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు 6 శాతం వడ్డీతో ఇమ్మంది. జీతం ఆపితే గొడవ, కేసు, వడ్డీ. డీఏ ఆపాలంటే మాత్రం జీఓ ఇవ్వకుండా ఊరుకుంటే చాలు. కేంద్రమే చూడండి, 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా డీఏ 17 శాతం దగ్గరే ఆపి, జులైలో ఒక్కసారి 28 చేసింది. మధ్యలో పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. ఖజానాకి ఇబ్బంది వచ్చినప్పుడు ప్రభుత్వాల చెయ్యి ముందు పడేది డీఏ మీదే. నిజానికి ఉప్పు, పప్పు, గ్యాస్ ధరలతో ముడిపడి ఆర్నెల్లకోసారి కదిలేది మన జీతంలో అదొక్కటే. ఫిట్‌మెంట్‌కి ధరలతో అలాంటి ముడి లేదు, అది బేరం.

ఆ బేరంలో ఇంకో మాయ. 2022 జనవరిలో మాకు ఐదు పెండింగ్ డీఏలు పీఆర్సీతో పాటే ఇచ్చి, రెండూ కలిపి చూడండి జీతం ఎలా పెరిగిందో అన్నారు. మా బాకీ మాకిచ్చి దానికి పెరుగుదల అని పేరు పెట్టారన్నమాట.

హెచ్ఆర్ఏ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ 2022 పీఆర్సీ మీద మేం చేసిన ఉద్యమం వల్ల నిజంగా దక్కింది అదే. తెనాలి లాంటి ఊళ్లో పాత రేటు 14.5 శాతం. జనవరి జీఓలో 8 చేశారు. శాతం తగ్గినా బేసిక్ పెరిగింది కదా అన్నారు, చూస్తే 5,800 కాస్తా 4,909 అయింది. ఫిబ్రవరి 3న ఉద్యోగులంతా కదిలిన చలో విజయవాడ, ఆ తర్వాత చర్చలు, చివరికి 12 శాతం. అంటే 7,363. ఐఆర్ రికవరీ కూడా ఆగింది. 23 మాత్రం 23 దగ్గరే ఉండిపోయింది. నాయకులు అమ్ముడుపోయారని టీచర్ల గ్రూపుల్లో తిట్టిపోశారు, నేనూ ఒకటి రెండు మెసేజ్‌లు ఫార్వర్డ్ చేశా. ఇప్పుడు పే స్లిప్ ముందు పెట్టుకుంటే, అద్దె ఇంట్లో ఉన్నవాడికి వాళ్లు చెడగొట్టిందేమీ కనపడదు. వాళ్లు వదిలేసింది డీఏ తేదీలు.

ఐఆర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అది అడ్వాన్స్, ఎక్కువిస్తే తర్వాత ఇరకాటం, మేం చూశాం. 

కాబట్టి నా ఓటు డీఏకి. ఫిట్‌మెంట్ 30 వస్తే వద్దంటానా, అనను. రిటైర్‌మెంట్‌కి రెండేళ్లలోపు ఉన్నవాళ్లకి ఫిట్‌మెంటే మేలు, పెన్షన్ దాని మీదే కడతారు. ఇంకా పదేళ్లు, పదిహేనేళ్లు సర్వీసు ఉన్నవాళ్లు మాత్రం ఒప్పందంలో జనవరి డీఏ ఏ నెల్లో, జులై డీఏ ఏ నెల్లో, ఆలస్యమైతే వడ్డీ ఎంత అని రాయించుకోమని నాయకుల్ని అడగాలి.

ఇదే మాట మొన్న మా యూనియన్ నాయకుడితో అన్నాను. పాపం, మంచివాడే. టీ గ్లాసు పక్కన పెట్టి, "డీఏ కోసం ధర్నా అంటే ఎవరొస్తారు మాష్టారూ? అదే ఫిట్‌మెంట్ అనండి, బస్సులు చాలవు" అన్నాడు. 2022లో ఆ జనంలో నేనూ ఉన్నాను కాబట్టి ఏమీ అనలేకపోయాను.