మెరిసే పేరు జిఫ్ చేయడానికి గింపా, ఫోటోషాపా?

తళుకులు మెరిసే పేరు ఒకటి జిఫ్‌గా, అంటే కదిలే బొమ్మ ఫైలుగా, చేసుకోవాలనుకునే వాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అక్షరాలు ఉన్నచోటే ఉండి మిలమిలలాడితే చాలా, లేక వాటి మీదుగా ఒక వెలుగు చార ఇటునుంచి అటు జారాలా? మొదటిదే కావాలంటే గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలు, అదీ ఉచితంగా. రెండోది కావాలంటే మాత్రం నేను ఫోటోషాపే అంటాను.

తళుకు వెనక ఉన్న కిటుకు చాలా చిన్నది. గింప్‌లో ఒకే రంగు నింపిన లేయర్‌ని (బొమ్మలో ఒకదానిమీద ఒకటి పేర్చే పొర) మూడు కాపీలు చేసి, ఒక్కోదానికి చుక్కలు చల్లే నాయిస్ ఫిల్టర్ వేసి, ప్రతిసారీ ర్యాండమ్ సీడ్ (చుక్కలు ఎక్కడ పడాలో తేల్చే అంకె) మార్చాలి, అప్పుడు చుక్కలు మూడింటిలో మూడు రకాలుగా పడతాయి. తర్వాత పేరు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్ కొట్టి అక్షరాల ఆకారాన్ని ఎంచుకుని, సెలెక్షన్ తిరగేసి, తళుకు లేయర్లలో అక్షరాల బయట ఉన్నదంతా చెరిపేస్తే సరి (ఆ లేయర్లకి ముందే ఆల్ఫా ఛానల్, అంటే పారదర్శకత, జోడించుకోవాలి, లేకపోతే చెరిపిన చోట బ్యాక్‌గ్రౌండ్ రంగు వచ్చి కూర్చుంటుంది). ఈ మూడు లేయర్లూ ఫ్రేములుగా, అంటే ఒకదాని తర్వాత ఒకటి కనిపించే బొమ్మలుగా, వరసగా తిరుగుతుంటే కంటికి అది మెరుపే.

గింప్‌లో టైమ్‌లైన్ ఉండదు, ప్రతి లేయరూ ఒక ఫ్రేమే. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు: బ్యాక్‌గ్రౌండ్‌ని విడిగా అడుగున వదిలేస్తే అది కూడా ఒక ఫ్రేమై, పేరు ప్రతి చుట్టులో ఒకసారి మాయమై మళ్లీ వస్తుంది. అందుకని బ్యాక్‌గ్రౌండ్ కాపీని ప్రతి తళుకు లేయర్‌తోనూ కలిపేయాలి. ఫిల్టర్స్‌లో యానిమేషన్ కింద ప్లేబ్యాక్‌లో ఒకసారి ఆడించి చూసి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యాజ్ యానిమేషన్ టిక్ పెట్టాలి. ఫ్రేముకి 100 మిల్లీసెకన్లు ఇస్తే బాగుంటుంది. ఇంకా వేగంగా ఉండాలని 10 ఇస్తే మాత్రం లాభం లేదు, బ్రౌజర్లు సాధారణంగా దాన్ని 100గానే తీసుకుంటాయి.

ఫోటోషాప్‌లో ఈ తలనొప్పి లేదు. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే ఉంటుంది, ఏ ఫ్రేములో ఏది కనిపించాలో లేయర్ పక్కన కన్ను గుర్తుతో చెప్పేస్తాం. అంతకన్నా పెద్ద సుఖం, తళుకుని ప్యాటర్న్ ఓవర్‌లేగా (అక్షరాల మీద పరిచే నమూనాగా) వేస్తే అక్షరాలు టెక్స్ట్‌గానే మిగులుతాయి, రేపు ఇంకొకరి పేరు కావాలంటే ఆ పేరు టైప్ చేస్తే చాలు, గింప్‌లోనైతే కత్తిరింపు పనంతా మళ్లీ మొదటినుంచి. వెలుగు చార విషయానికొస్తే, దాన్ని మొదటి ఫ్రేములో ఎడమ పక్కన, చివరి ఫ్రేములో కుడి పక్కన పెట్టి ట్వీన్ నొక్కితే మధ్య ఫ్రేములు అదే పుట్టిస్తుంది. గింప్‌లో ఆ మధ్యవన్నీ చేత్తో జరుపుకుంటూ కూర్చోవాలి, ఓపిక ఉన్నా ఎక్కడో ఒక ఫ్రేములో ఎగుడుదిగుడు తెలిసిపోతుంది. కాకపోతే ఫోటోషాప్‌కి చందా కడుతూనే ఉండాలి, ఒక్క పేరు కోసం అంత ఖర్చు నాకైతే దండగ అనిపిస్తుంది.

పేరు తెలుగులో రాసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. గింప్‌లో సరైన యూనికోడ్ ఫాంట్ ఉంటే ఒత్తులూ గుణింతాలూ వాటంతట అవే కుదురుతాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనైతే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక లేదా వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పేరు చదవలేకుండా తయారవుతుంది. పేరే తప్పుగా పడ్డాక ఎంత మెరిసినా ఏం లాభం?

జిఫ్ పరిమితులు రెండింటికీ ఒకటే. ఫ్రేముకి 256 రంగులు, పైగా బొమ్మలోని ఒక్కో పిక్సెల్ పూర్తిగా కనిపించాలి లేదా పూర్తిగా కనిపించకూడదు, సగం పారదర్శకం కుదరదు. అక్షరాల అంచున తెల్లటి గీత కనబడేది అందుకే. ఫోటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్‌లోని మ్యాట్, గింప్‌లో సెమీ ఫ్లాటెన్ వాడి, పేరు చివరికి ఏ రంగు మీద కనిపిస్తుందో ఆ రంగుని అంచుల్లో కలిపేస్తే ఆ గీత పోతుంది. మెత్తటి నీడ కావాల్సిందే అంటే జిఫ్ వదిలేసి, గింప్ నుంచే యానిమేటెడ్ వెబ్‌పీగా (సగం పారదర్శకం కుదిరే ఇంకో రకం ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేయండి, పెట్టబోయే చోట దాన్ని తీసుకుంటారో లేదో ముందు చూసుకుని.